తేరుకోవడం: కష్టకాలంలో మనసు నిలదొక్కుకునే తీరు

వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగిలితే ఒడ్డునున్న ఊళ్లలో తాగే నీటికి కటకటగా ఉండేది. కుళాయిలు రాని కాలమది. బిందెడు నీళ్లు తెచ్చుకుని, చిల్లగింజను సాన మీద గంధంలా అరగదీసి అందులో కలిపి, బిందెను ఓ మూల కదపకుండా ఉంచేవారు. తెల్లారేసరికి బురద అడుగుకు దిగి పైన తేటనీరు నిలిచేది. నీళ్లు తేరుకున్నాయి అనేవారు. పెద్ద జబ్బు నుంచి లేచినవాణ్ణి చూసినా, ఇంటి మనిషిని పోగొట్టుకుని మళ్లీ పనిలో పడిన ఇల్లాలిని చూసినా, పంట పోయి అప్పులపాలై మెల్లగా గట్టెక్కిన కుటుంబాన్ని చూసినా తెలుగువాళ్లు ఆ మాటే వాడతారు.

అలా తేరుకున్న నీళ్లలో బురద ఎక్కడికీ పోలేదు, అడుగునే ఉంది. గట్టిగా కుదిపితే మళ్లీ పైకి లేస్తుంది. నీరు తేటపడటానికి రాత్రంతా పట్టింది. ఆ రాత్రి బిందెను ఎవరూ కదపకుండా కాచుకున్నారు. పైగా గింజ బయటి నుంచి వచ్చింది. కష్టాన్ని తట్టుకునే శక్తి గురించి మనస్తత్వ శాస్త్రం అరవై డెబ్బై ఏళ్లుగా కూడబెట్టిన జ్ఞానంలో చాలా భాగం ఈ నాలుగు సంగతుల చుట్టూనే తిరుగుతుంది.

మాట వెనక

ఈ గుణాన్ని ఇంగ్లీషులో రిజిలియన్స్ అంటారు. వెనక్కి దుమకడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన మాట. మొదట దీన్ని ఎక్కువగా వాడుకున్నది లోహాల బలాన్ని కొలిచే ఇంజనీర్లు. బరువు పడితే వంగి, బరువు తీస్తే మళ్లీ మొదటి ఆకారానికి వచ్చే గుణానికి ఆ పేరు పెట్టారు. 1973లో కెనడా శాస్త్రవేత్త సి.ఎస్. హాలింగ్ అడవులు, సరస్సుల వంటి పర్యావరణ వ్యవస్థలకు ఈ మాటను వర్తింపజేశారు. పిల్లల మనస్తత్వాన్ని పరిశీలిస్తున్న వాళ్లు కూడా దాదాపు అదే కాలంలో దాన్ని చేపట్టారు.

తెలుగు పుస్తకాల్లో దీన్ని మానసిక స్థైర్యం, మనోనిబ్బరం, స్థితిస్థాపకత అని రకరకాలుగా రాస్తున్నారు. స్థితిస్థాపకత భౌతికశాస్త్ర పాఠంలో రబ్బరుకూ స్ప్రింగుకూ వాడే మాట. స్థైర్యం అంటే చలించకపోవడం. చలించని మనిషి ఆదర్శంగా బాగుంటాడు కానీ, పరిశోధకులు చూసిన మనుషులు అలా లేరు. వాళ్లు ఏడ్చారు, నిద్రపోలేకపోయారు, కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ బతుకు నడిపించుకున్నారు. నా ఉద్దేశంలో శాస్త్రం చెప్పే అర్థానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మన వాడుక మాటే. అందుకే ఈ వ్యాసంలో తేరుకోవడం, నిలదొక్కుకోవడం అనే మాటలే వాడుతున్నాను.

రెండు రొట్టె ముక్కల అబ్బాయి

ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో నార్మన్ గార్మెజీ ఒకరు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. మొదట ఆయన చూపంతా స్కిజోఫ్రీనియా మీద ఉండేది. ఆ జబ్బున్న తల్లుల పిల్లలు ఎలా ఎదుగుతున్నారో పరిశీలిస్తూ పోతే, చెడిపోతారనుకున్న పిల్లల్లో చాలామంది బాగానే చదువుకుంటూ, స్నేహితులతో కలిసిమెలిసి తిరుగుతూ కనిపించారు. జబ్బు ఎందుకు వస్తుందని వెతుకుతున్న మనిషికి, రావలసిన చోట ఎందుకు రావడం లేదన్న ప్రశ్న ఎదురైంది. తర్వాత తన బృందంతో కలిసి ఆయన బడులకు వెళ్లి, ఇంట్లో కష్టాలున్నా బాగా నెగ్గుకొస్తున్న పిల్లలెవరని ఉపాధ్యాయులను అడగసాగారు.

ఆయనకు చివరిదాకా గుర్తుండిపోయిన పిల్లవాడికి తొమ్మిదేళ్లు. తల్లి తాగుడుకు బానిస, తండ్రి ఇంట్లో లేడు. బడికి రోజూ రెండు రొట్టె ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని తెచ్చుకునేవాడు. మధ్యలో ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే ఇంట్లో పెట్టడానికేమీ లేదు, చేసిపెట్టేవాళ్లూ లేరు. తన మీద ఎవరూ జాలిపడకూడదని, తల్లి గురించి ఎవరూ చెడ్డగా అనుకోకూడదని అందరి పిల్లల్లాగే డబ్బా పట్టుకుని వచ్చేవాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు మన ఊరి బడుల్లో, అన్నం కింద కూర లేదని తెలియకుండా టిఫిను మూత అడ్డం పెట్టుకుని తినే పిల్లలు కళ్లముందు మెదులుతారు.

కవాయ్ దీవి పిల్లలు

ఈ రంగంలో ఇప్పటికీ అందరూ మొదట చెప్పుకునే అధ్యయనం హవాయి దీవుల్లోని కవాయ్‌లో జరిగింది. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమీ వెర్నర్, ఆమె సహచరి రూత్ స్మిత్ ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. ఏడాది నిండగానే ఒకసారి, రెండేళ్లప్పుడు, పదేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు, ముప్పై రెండేళ్లప్పుడు, నలభైలో అడుగుపెట్టాక మరోసారి వివరాలు సేకరించారు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది చెరకు తోటల్లో కూలిపనికి ఆసియా నుంచి, ఇతర చోట్ల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల సంతతి. వెర్నర్ బాల్యం యుద్ధకాలపు జర్మనీలో గడిచింది. కూలిన ఇళ్ల మధ్య పెరిగిన మనిషి ఇలాంటి ప్రశ్న పట్టుకుని జీవితమంతా దాని వెంటే నడవడం యాదృచ్ఛికమని నాకు అనిపించదు.

ఆ పిల్లల్లో సుమారు మూడోవంతు మంది గడ్డు పరిస్థితుల్లో పుట్టారు. పేదరికం, కాన్పులో ఇబ్బందులు, ఇంట్లో నిత్యం గొడవలు, తల్లికో తండ్రికో తాగుడు లేదా మానసిక జబ్బు, ఇలాంటివి నాలుగో అంతకన్నా ఎక్కువో రెండేళ్లు నిండకముందే వాళ్లను చుట్టుముట్టాయి. వీళ్లలో మూడింట రెండు వంతుల మందికి చదువులోనో నడవడిలోనో ఇబ్బందులు వచ్చాయి. మిగిలిన మూడోవంతు, అంటే 72 మంది, నిలకడైన మనుషులయ్యారు. చదువుకున్నారు, పనిచేసుకున్నారు, పక్కవాళ్లను ప్రేమగా చూసుకున్నారు.

ఈ 72 మందిలో ఏముంది? కొందరు పుట్టుకతోనే నవ్వు ముఖం పిల్లలు, ఎవరు ఎత్తుకున్నా వెళ్లేవారు. అది కొంతవరకు అదృష్టం. అయితే దాదాపు అందరిలోనూ కనిపించిన సంగతి మరొకటుంది. తల్లిదండ్రుల ఇల్లు ఎలా ఉన్నా, పసితనంలో ఒక్క మనిషైనా ఆ బిడ్డను గట్టిగా పట్టుకుని ఉన్నారు. అమ్మమ్మో తాతయ్యో, పిన్నో, పెద్దక్కో. కొంచెం పెద్దయ్యాక ఆ స్థానంలోకి ఒక మాస్టారు వచ్చారు, లేదా స్నేహితుడి తల్లి వచ్చింది, గుడికి తీసుకువెళ్లే పెద్దమనిషి వచ్చాడు. మరొకటి, ఈ పిల్లల చేతిలో ఏదో ఒక పని ఉండేది. చిన్న తమ్ముణ్ణి చూసుకోవడమో, ఇంటి పనిలో ఒక వంతో. తన అవసరం ఎవరికో ఉందని తెలియడం పిల్లలకు నిలబడే నేల ఇచ్చిందని వెర్నర్ భావించారు.

ఈ అధ్యయనంలో జనం తక్కువగా చెప్పుకునే రెండో సగం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. పద్దెనిమిదేళ్లకు చెడిపోయారనుకున్న పిల్లల్లో చాలామంది ముప్పైల్లో, నలభైల్లో బాగుపడ్డారు. ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, సైన్యంలో చేరి ఒక పని నేర్చుకున్నవాళ్లు, నిలకడగల భర్తో భార్యో దొరికినవాళ్లు, ఏదో ఒక ప్రార్థనా సమాజంలో చోటు దొరికినవాళ్లు మలుపు తిరిగారు. అంటే పసితనంతో తలుపులు మూసుకుపోలేదు. పదో తరగతి తప్పిన కుర్రాడి మీద వీడింతేనని ఇంటిల్లిపాదీ ముద్ర వేసేయడం ఎంత తొందరపాటో ఈ ఒక్క అధ్యయనం చెబుతుంది.

గార్మెజీ శిష్యురాలు ఆన్ మాస్టెన్ 2001లో రాసిన పరిశోధనా వ్యాసంలో ఈ శక్తికి మామూలు మహిమ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తేరుకునేవాళ్లలో అసాధారణ శక్తులేమీ ఉండవని, ఆదరించే పెద్దలు, సరిగా పనిచేసే మెదడు, నేర్చుకునే అవకాశం, చుట్టూ ఒక సమాజం వంటి మామూలు సంగతులు చెక్కుచెదరకుండా ఉంటే చాలావరకు మనుషులు నిలదొక్కుకుంటారని ఆమె వాదన.

ఒంట్లో జరిగేది

భయం కలిగినప్పుడు మెదడు లోపలి అమిగ్డలా అనే భాగం గంట మోగిస్తుంది. మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆపైన కార్టిసాల్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ముప్పు దాటాక ఇదంతా సర్దుకుంటే మంచిదే. నెలల తరబడి సర్దుకోకపోతే నిద్ర, జ్ఞాపకశక్తి, రక్తపోటు అన్నీ దెబ్బతింటాయి. ఒంటి మీద ఇలా పేరుకునే భారాన్ని కొలవాలని చూసినవారిలో బ్రూస్ మెక్యువెన్ ముఖ్యులు. పసిపిల్లల్లో ఈ గంటను ఆపేది పెద్దవాళ్ల స్పర్శ, గొంతు. బిడ్డ ఉలిక్కిపడితే గుండెకు హత్తుకుని వీపు నిమిరే తల్లి తెలియకుండానే ఆ పని చేస్తోంది.

దుఃఖం నడిచే దారులు

దుఃఖానికి ఐదు మెట్లుంటాయని, అందరూ వాటిని వరసగా ఎక్కాలని ఒక నమ్మకం పాతుకుపోయింది. దీనికి మూలం ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకం. నిజానికి ఆమె అందులో మాట్లాడింది ప్రధానంగా తామే మరణానికి చేరువైన రోగులతో. ఆ మెట్లను తర్వాత ఆప్తులను పోగొట్టుకున్న వాళ్లకూ అతికించారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బొనానో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లను చాలాకాలం పరిశీలించి, దుఃఖానికి ఒకే దారి లేదని చూపించారు. కొందరు ఏళ్ల తరబడి కుంగిపోయారు, కొందరు మొదట కుంగి ఏడాది రెండేళ్లలో కోలుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువమంది బాధపడుతూనే రోజువారీ పనులు చేసుకోగలిగారు. ఈ చివరి గుంపు నిజంగా అంత పెద్దదా, లెక్కగట్టే పద్ధతి వల్ల అలా కనిపించిందా అన్న చర్చ పరిశోధకుల్లో ఇంకా నడుస్తోంది. ఒకటి మాత్రం స్థిరపడింది. కన్నీళ్లు కనపడనంత మాత్రాన ప్రేమ లేదనీ, మనసులో ఏదో తేడా ఉందనీ అనుకోవడం తప్పు.

ఇక్కడ మన చావు ఇళ్ల సంగతి చెప్పాలి. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటి ఆవిడ గిన్నెలో అన్నం, చెంబులో చారు పట్టుకొచ్చి, "రెండు ముద్దలు తిను వదినా, పిల్లల మొహం చూసైనా" అని పక్కన చతికిలబడుతుంది. ఎక్కువ మాట్లాడదు. మూడో రోజు, పదో రోజు, పదకొండో రోజు, నెలమాసికం, ఏడూడి అంటూ మనుషులు ఇంటికి వచ్చే రోజులు మొదట దగ్గరదగ్గరగా, తర్వాత దూరందూరంగా ఉంటాయి. తెలుగు క్రైస్తవులు ఆదరణ కూడిక పెడతారు, ముస్లింలు నలభయ్యో రోజున ప్రార్థన చేస్తారు. ఏ శాస్త్రమూ రాకముందే ఈ ఏర్పాట్లు దుఃఖానికి ఒక పంచాంగం వేసిపెట్టాయి. అదే సంప్రదాయం భర్త పోయిన స్త్రీకి పదో రోజున గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పది మంది ముందు కూర్చోబెట్టిందనీ ఒప్పుకోవాలి. ఆదుకోవలసిన రోజునే పుండును కెలికే ఆ తంతును ఎన్నో కుటుంబాలు ఇప్పుడు మానేస్తున్నాయి. మానేయడం న్యాయం.

పరామర్శలో ఇంకో వివేకం ఉంది: బలవంతంగా మాట్లాడించకపోవడం. 1980ల నుంచి పాశ్చాత్య దేశాల్లో పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి బాగా వ్యాపించింది. తర్వాత దాన్ని పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఒక్కసారి అలా చెప్పించడం తర్వాతి మానసిక వ్యాధిని ఆపలేకపోయిందని, కొందరికి కీడు కూడా చేసి ఉండవచ్చని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని అందుకే వేరే దారి పట్టింది. ముందు ప్రాణభయం లేని చోటు, తిండి, నీళ్లు, కుటుంబం ఆచూకీ. చెప్పుకుంటే వినాలి, చెప్పమని ఒత్తిడి చేయకూడదు. చారు చెంబుతో వచ్చి పక్కన కూర్చునే ఆవిడ చేసేది ఇదే.

కష్టం తర్వాత ఎదుగుదల

కొందరు తేరుకోవడంతో ఆగరు. దెబ్బ తినకముందు లేని ఒక విశాలత వాళ్లకు వస్తుంది. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ 1946లో వెలువరించిన పుస్తకంలో, బతకడానికి ఒక అర్థం కనిపించిన మనిషి ఎంతటి బాధనైనా ఓర్చుకోగలడని తన అనుభవం నుంచి వాదించారు. అర్ధ శతాబ్దం తర్వాత, 1996లో, నార్త్ కరోలినాకు చెందిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ ఈ ఎదుగుదలను కొలిచేందుకు 21 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, ఆధ్యాత్మిక చింతన, బతుకు విలువ తెలిసిరావడం అనే ఐదు అంశాలు అందులో ఉన్నాయి.

తెలుగు నేల మీద దీనికి ఉదాహరణ చెప్పమంటే నేను దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెబుతాను. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఒంటరి గదిలో ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఆ జైళ్లలోనే, చదువు లేక, తమ మీద మోపిన కేసేమిటో కూడా సరిగా తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను చూశారు. బయటికి వచ్చాక వయసు మీరిందనుకోకుండా మెట్రిక్ నుంచి మొదలుపెట్టి చదివి, 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. బడి మానేసిన పెద్దవయసు స్త్రీలు, వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు రెండు మూడేళ్లలో మెట్రిక్ స్థాయి అందుకునే కుదింపు కోర్సులు ఆమె చొరవతో దేశమంతా నడిచాయి. తాను ఏ గోడకు తల కొట్టుకున్నారో సరిగ్గా ఆ గోడలోనే ఆమె ఇతరులకు తలుపు పెట్టారు. పాత స్థితికి తిరిగి రావడం అన్న నిర్వచనంలో ఈ జీవితం ఇమడదు.

అయినా ఒక హెచ్చరిక అవసరం. కష్టం నన్ను మంచి మనిషిని చేసిందని చెప్పుకునేవాళ్లందరిలో నిజంగా ఆ మార్పు వచ్చిందా అని 2009లో ప్యాట్రీషియా ఫ్రేజియర్ బృందం పరీక్షించింది. కష్టానికి ముందూ తర్వాతా కొలిచి చూస్తే, వాళ్లు వచ్చిందనుకున్న మార్పుకూ నిజంగా వచ్చిన మార్పుకూ పొంతన తక్కువగా ఉంది. చెప్పేవాళ్లు అబద్ధమాడారని కాదు. గడిచిన నరకానికి ఏదో ఒక ప్రయోజనం ఉందని నమ్మడం బతకడానికి మనసు పట్టుకునే ఊతకర్ర. ఆ కర్రను లాక్కోనక్కర్లేదు. కానీ పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి అంతా మన మంచికే అనడం క్రూరత్వం.

ఎంతవరకు తట్టుకోగలరు

కష్టపడితేనే రాటుదేలతారన్న మాటలో కొంత నిజముంది. మార్క్ సీరీ బృందం అమెరికాలో రెండు వేల పైచిలుకు మందిని ఏళ్ల తరబడి పరిశీలించి 2010లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఏ కష్టమూ ఎరగని వాళ్లకన్నా, కష్టాలు మీదపడి నలిగిపోయినవాళ్లకన్నా, కొన్ని కష్టాలు దాటివచ్చినవాళ్లు కొత్త కష్టాన్ని బాగా తట్టుకున్నారు. ఆ "కొన్ని" అన్న మాట దగ్గరే అంతా ఉంది.

దానికి హద్దు ఎక్కడో రుమేనియా పిల్లలు చూపించారు. 1989లో చౌషెస్కు ప్రభుత్వం కూలాక అక్కడి అనాథాశ్రమాల తలుపులు తెరుచుకున్నాయి. ఎత్తుకునేవాళ్లు, పలకరించేవాళ్లు లేక తొట్టెల్లోనే పెరిగిన పసివాళ్లు ప్రపంచానికి కనిపించారు. బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్న 165 మందిని మైకేల్ రట్టర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. ఆరు నెలల లోపే ఆ ఆశ్రమాల నుంచి బయటపడిన పిల్లలు దాదాపు అందరిలాగే ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం అక్కడే ఉండిపోయిన చాలామందిలో, ఎంత ప్రేమగల ఇంటికి వెళ్లినా, కొన్ని ఇబ్బందులు పెద్దయ్యాక కూడా పోలేదు. వాళ్లలోనూ సుమారు ఐదోవంతు మంది ఏ ఇబ్బందీ లేకుండా పెరగడం ఈ శాస్త్రంలో ఇంకా తెగని ముడి.

మన దగ్గర ఈ హద్దు మరో రూపంలో కనిపిస్తుంది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పురుగు పాలై రైతులు ప్రాణాలు తీసుకున్నప్పటి నుంచి, గుండె దిటవు చేసుకోండి అనే సలహా ఎన్నోసార్లు వినిపించింది. కౌలు రైతుకు భూమి తన పేర లేదు కాబట్టి బ్యాంకు అప్పు పుట్టదు. వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది కానీ, కార్డు చేతిలో ఉన్నా అప్పు అందని వాళ్లు చాలామంది మిగిలారు. అటువంటి మనిషికి ధైర్యం తక్కువై కాదు, అప్పు ఎక్కువై ఊపిరాడటం లేదు. తేరుకునే శక్తి గురించి మాట్లాడే ఎవరైనా ముందు బిందెను ఎవరు కుదుపుతున్నారో చూడాలి.

ఊరు ఊరంతా తేరుకోవడం

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే మృతుల సంఖ్య పదివేల దరిదాపుల్లో ఉంది. అంతకు ఎంతో ఎక్కువని ఆ ప్రాంతం వాళ్లు చెబుతారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్లను కరుచుకుని రాత్రంతా వేలాడి బతికినవాళ్లు తెల్లారి చూసుకుంటే తమవాళ్లెవరూ మిగల్లేదు. వాళ్లలో ఎందరో ఆ ఉప్పునేల మీదే మళ్లీ గుడిసె వేసుకున్నారు, మళ్లీ వల భుజాన వేసుకున్నారు.

1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను అదే తీరాన్ని తాకింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యిలోపే. ఈ పదమూడేళ్లలో తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి, ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందాయి, లక్షలాది మందిని ముందుగానే ఊళ్లు ఖాళీ చేయించారు. 1977 ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లకు కదలండి అనే మాట రెండోసారి చెప్పనక్కర్లేకపోయి ఉంటుంది. ఆ భయం అడుగున అలాగే ఉంది, అదే వాళ్లను బతికించింది. ఒక సమాజం తేరుకోవడం అంటే ఏమిటో ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది మరో రకం. 1990ల మొదట్లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, చదువుకుంటూ మాట్లాడుకుంటూ, తమ ఇళ్లలోని తిట్లకూ తన్నులకూ ఆకలికీ కారణం ఒకటేనని గ్రహించారు. అంతవరకు ఎవరి కన్నీళ్లు వాళ్ల గడప లోపలే. 1992లో వాళ్లు కలిసి సారా దుకాణం ఎత్తివేయించారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. ఆ ఊళ్లో పుట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఇంట్లో ఒంటరిగా ఓర్చుకోవడం నుంచి వీధిలోకి వచ్చి నిలబడేదాకా వాళ్లకు దొరికినది ఒక లాంతరు, ఒక వాచకం, పక్కన కూర్చున్న ఇంకో ఆడమనిషి.

సాయం

జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్న రోజుల్లో, డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో నాయనమ్మలను, అమ్మమ్మలను నమ్ముకున్నారు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టుకింద ఒక బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఒక అవ్వ. కుంగుబాటుకు అక్కడివాళ్ల భాష షోనాలో వాడే మాటకు అతిగా ఆలోచించడం అని అర్థం. మన ఊళ్లలో "ఆలోచన ఎక్కువైంది" అన్నట్టే. అవ్వ ఆ మాటతోనే మొదలుపెట్టి, ఉన్న చిక్కుల్లో ముందు ఏ ఒక్కటి విప్పవచ్చో ఆ మనిషి చేతనే చెప్పిస్తుంది. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా బెంచీ మీద కూర్చున్నవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయి. గోవాలో విక్రమ్ పటేల్ తదితరులు స్థాపించిన సంగత్ సంస్థ కూడా డాక్టర్లు కాని కార్యకర్తలతో ఇలాంటి ఫలితాలే సాధించింది.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్లలో అత్యధికులకు వైద్యమే అందడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని చెప్పింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

తేరుకోవడానికి కొంత కాలం పడుతుంది నిజమే. కానీ రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి, దేని మీదా మనసు నిలవక, స్నానం చేయడానికి కూడా ఓపిక లేకుండా పడి ఉంటే కాలానికి వదిలేయకూడదు, డాక్టరుకు చూపించాలి. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వస్తే, చావాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు. అడిగినవాళ్లు ఆ రాత్రి పక్కనే ఉండాలి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే పొరుగింటి బీరువాలో పెట్టి తాళం వేయించాలి. చావాలన్న ఉధృతి చాలామందిలో కొన్ని గంటల్లో తగ్గుముఖం పడుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒకదాని తర్వాత ఒకటి నిషేధిస్తూ వచ్చాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది. అక్కడి రైతులకు ఉన్నట్టుండి కష్టాలు తీరిపోలేదు. ఆ చెడ్డ రాత్రి చేతికందే దూరంలో ఆ డబ్బా లేదు.